ఇంటి పద్దు: చివరి యూనిట్ల ఖరీదు

ఎండలు ముదిరిన తరువాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా కరెంటు బిల్లు గురించే ఉన్నాయి. అందుచేత ఈసారి మొదటి ప్రశ్నకు ఎక్కువ చోటు ఇచ్చి, మిగిలిన వాటికి అవసరమైనంత మేరకే జవాబు రాస్తున్నాను. కొందరు తమ పేరు వేయవద్దని కోరారు కాబట్టి అందరి పేర్లూ తీసివేశాను.

ప్రశ్న: మేము విశాఖపట్నం సీతమ్మధారలో ఒక అపార్టుమెంటులో అద్దెకు ఉంటున్నాము. మార్చిలో 220 యూనిట్లు ఉన్న మా వాడకం, ఏసీ వేయడం మొదలయ్యాక, ఏప్రిల్‌లో 340 యూనిట్లకు చేరింది. మా అత్తగారు రోజంతా గదిగదికీ తిరిగి లైట్లు ఆర్పుతున్నారు. మావారేమో పాత ఫ్యాన్లు తీసేసి తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు కొందామంటున్నారు. ఒక్క యూనిట్ ఎక్కువైనా మొత్తం బిల్లుకు పై శ్లాబు (మెట్టు) ధర పడుతుందని పక్కింటివారు చెబుతున్నారు. ఇది నిజమేనా? మేము ముందుగా ఏం చేయాలి?
— ఒక గృహిణి, సీతమ్మధార

జవాబు: పక్కింటివారి మాట ఇప్పుడు నిజం కాదమ్మా, అయితే వారు ఊహించి చెప్పినదీ కాదు. 2022 ఏప్రిల్‌కు ముందు మన ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల కనెక్షన్లను వాడకాన్ని బట్టి గ్రూపులుగా విడదీసేవారు. గ్రూపు మారితే మొదటి యూనిట్ల ధర కూడా మారిపోయేది. పద్ధతి పోయినా ఆ భయం మాత్రం జనంలో ఉండిపోయింది. 2022 ఏప్రిల్ నుంచి అన్ని ఇళ్లకూ ఒకే వరుస వర్తిస్తోంది. మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు రూ.1.90, ఆపైన 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, అది దాటితే రూ.9.75 చొప్పున లెక్క కడతారు. పై మెట్టు ధర ఆ మెట్టులోని యూనిట్లకే పడుతుంది గాని, కింది మెట్లలో వాడుకున్న యూనిట్ల ధర మారదు. స్థిర చార్జీ, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు చార్జీలు దీనికి అదనం.

ఈ వరుసలో మీ బిల్లును పెట్టి చూడండి. మొదటి 225 యూనిట్లకు మీరు చెల్లించినది రూ.1,017, ఆ తరువాతి 115 యూనిట్లకు చెల్లించినది రూ.1,006. అంటే ఇల్లు గడవడానికి కావలసిన కరెంటంతటికీ ఎంత అయిందో, చివరి 115 యూనిట్లకు దాదాపు అంతే అయింది. మార్చిలో మీ 220 యూనిట్లకు పడినది రూ.987 కాబట్టి, వాడకం సగం మేర పెరిగితే బిల్లు రెట్టింపయింది. ఇకపై ఇంట్లో ఏ వస్తువు వల్ల ఎంత ఆదా అవుతుందో లెక్క వేసేటప్పుడు సగటు ధరను కాక, ఈ రూ.8.75ను పట్టుకొని లెక్క వేయండి. మీరు తగ్గించే ప్రతి యూనిట్ పై మెట్టు నుంచే తగ్గుతుంది.

మీ అత్తగారి అలవాటు సంగతి చూద్దాం. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్ అవుతుంది. ఇప్పటి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజుకు ఐదు గంటలు అనవసరంగా వెలిగినా నెలకు ఒకటిన్నర యూనిట్ కూడా కాదు, డబ్బులో చూస్తే పన్నెండు రూపాయలు. అయితే ఆవిడ కాపురానికి వచ్చిన రోజుల్లో ఇళ్లలో ఉన్నవి 60 వాట్ల బల్బులు. అదే ఐదు గంటలకు అవి నెలకు తొమ్మిది యూనిట్లు తినేవి. ఆనాటి లెక్క ప్రకారం ఆవిడ చేస్తున్నది సరైన పనే. కాబట్టి ఆవిడను వారించవద్దు. కాని లైట్లు ఆర్పినంత మాత్రాన బిల్లు తగ్గుతుందని ఆశ పెట్టుకోవద్దు.

మీవారి మాటే నెగ్గిందని మీరు నొచ్చుకోకపోతే, ఫ్యాన్ల విషయంలో ఆయన వైపే నేను మొగ్గుతాను. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. మూడు ఫ్యాన్లు రోజుకు 12 గంటల చొప్పున తిరిగే ఇంట్లో నెలకు దాదాపు 48 యూనిట్లు మిగులుతాయి. ఎండాకాలపు నెలల్లో దాని విలువ రూ.420. మిగిలిన నెలల్లో మీ వాడకం 225 లోపే ఉంటుంది కాబట్టి అప్పుడు యూనిట్ రూ.6 లెక్కనో, ఇంకా తక్కువగానో చూడాలి. చలి రోజుల్లో ఫ్యాన్లు తిరిగేదీ తక్కువే. ఫ్యాను మూడు వేల చొప్పున పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి మూడేళ్లు పట్టవచ్చు. దుకాణంవారు చెప్పే ‘ఏడాదిలో రాబడి’ మీ ఇంటికి వర్తించదు. మూడింటినీ ఒకేసారి కొనకుండా, ఎక్కువసేపు తిరిగే హాలు ఫ్యానును ముందు మార్చండి. అద్దె ఇల్లు కనుక పాత ఫ్యానును అటక మీద దాచి, ఖాళీ చేసే రోజున దాన్ని మళ్లీ బిగించి మీ కొత్త ఫ్యానును వెంట తీసుకుపోతారని ఇంటివారికి ముందే చెప్పండి.

ఏప్రిల్‌లో అదనంగా వచ్చిన 120 యూనిట్లకు అసలు కారణం మాత్రం ఏసీయే. మన ఊళ్లో వేడి కంటే ఉక్కపోత ఎక్కువ. సముద్రపు తేమ వల్ల చెమట ఆరదు. అది భరించలేక మనం ఏసీని 20కో, 18కో దించుతాము. నిజానికి చెమట ఆరడానికి కావలసినది గాలి కదలిక. ఏసీని 26లో ఉంచి ఫ్యానును చిన్న వేగంతో తిప్పితే చాలామందికి నిద్ర పడుతుంది. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెంచినకొద్దీ సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 చూపేలా తయారవుతున్నదీ అందుకే. తెల్లవారుజామున ఆగిపోయేలా టైమరు పెట్టండి. ఫిల్టరును పదిహేను రోజులకొకసారి కడిగి ఆరబెట్టండి. బీచికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పుగాలికి బయటి యూనిట్ రేకులు తుప్పు పట్టి ఏసీ చల్లదనం తగ్గుతుంది, దానితో అది ఎక్కువసేపు నడుస్తుంది. కాబట్టి ఎండలు మొదలయ్యే ముందే ఏటా సర్వీసింగ్ చేయించడం దండగ ఖర్చు కాదు. ఈ నాలుగు పనులూ చేసి మే బిల్లును ఏప్రిల్ బిల్లు పక్కన పెట్టి చూసుకున్న తరువాతే ఫ్యాన్లకు డబ్బు తీయమని నా సలహా.

ప్రశ్న: నేను పింఛను మీద బతుకుతున్న విశ్రాంత ఉద్యోగిని. కూరలకు రైతుబజారుకు వెళదామని నేను, ఆటో ఖర్చు కలిపితే ఫోనులో తెప్పించుకోవడమే చవక అని మా అమ్మాయి వాదించుకుంటున్నాము. బియ్యం, పప్పులు, మిరపకాయలు ఏడాదికి సరిపడా ఒకేసారి కొనడం లాభమేనా?
— ఒక పాఠకుడు, మాధవధార

జవాబు: మీ అమ్మాయి ఆటో ఖర్చును లెక్కలోకి తేవడం నాకు నచ్చింది, ఎందుకంటే చవకబేరాలలో మనం ఎక్కువగా మరిచిపోయేది దారి ఖర్చే. అరకిలో టమాటాల కోసం ఆటో ఎక్కితే ఆమెదే గెలుపు. వారానికి ఒకసారి వెళ్లి ఎనిమిది, పది కిలోలు తెచ్చుకుంటే మీది. మీకు దగ్గరలోనే మర్రిపాలెంలో, కంచరపాలెంలో రైతుబజార్లు ఉన్నాయి. 1999లో ఇవి మొదలైనప్పటి నుంచి ఏ రోజు ధరలు ఆ రోజు పలకపై రాసి పెట్టే పద్ధతి ఉంది. కొట్టుకొట్టుకూ బేరమాడే శ్రమ లేకుండా ముందు ఆ పలక చదవండి. మీ ఇంటావిడగారు కూడా వస్తే, 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్ర మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ధర లేదు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపి సున్నా టికెట్ తీసుకుంటే చాలు. ఫోనులో తెప్పించుకునేటప్పుడు కూర ధరను మాత్రమే చూడకుండా, చివర కలిపే డెలివరీ, హ్యాండ్లింగ్ చార్జీలను కూడా చూసి కిలోకు ఎంత పడిందో లెక్క వేయండి. ఉచిత డెలివరీ కోసం అక్కరలేని బిస్కట్ ప్యాకెట్ ఒకటి జోడించడం కూడా ఒక చార్జీయే.

బియ్యం విషయంలో ఒక చిన్న విశేషం చెబుతాను. అంగడిలో 26 కిలోల బస్తాలు ఎందుకు కనబడుతున్నాయో మీరు గమనించారా? 2022 జూలై 18 నుంచి లేబులు వేసి ముందుగా ప్యాక్ చేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతుంది. ఆ బరువు దాటితే పడదు. ఆ ఒక్క కిలో అందుకోసం చేర్చినదే. కాబట్టి పది కిలోల సంచికీ, 26 కిలోల బస్తాకూ కిలో ధరలను పోల్చండి. ఇద్దరే ఉన్న ఇంట్లో బస్తా అయిపోయేలోపు పురుగు పడుతుందనిపిస్తే, పక్కింటివారితో కలిసి కొని పంచుకోవచ్చు.

ఏడాది సరుకుల్లో మిరపకాయలు, చింతపండు మాత్రమే కొత్త పంట వచ్చే రోజుల్లో ఒకేసారి కొనదగినవని నా అభిప్రాయం. వాటిని కూడా రెండు మూడు మంచి ఎండల్లో ఆరబెట్టి, గాలి చొరని డబ్బాల్లో పెట్టాలి. పప్పులకు ఈ ఊరి తేమ పనికిరాదు. మా ఇంట్లో ఒక ఏడాది ఎనిమిది కిలోల కందిపప్పు చవకగా దొరికిందని కొని, అందులో మూడు కిలోలు పురుగులకు అప్పగించాము. అప్పటి నుంచి పప్పు రెండు నెలలకు మించి కొనడం లేదు.

ఉత్తరం చివర మీరు చేపల ధర మండిపోతోందని కూడా రాశారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది కాబట్టి ఈ రెండు నెలలూ ధర అలాగే ఉంటుంది. ఇప్పుడు ఎండు నెత్తళ్లతో సరిపెట్టుకొని, పడవలు మళ్లీ బయలుదేరాక ఫిషింగ్ హార్బరుకు పొద్దున్నే వెళ్లి, వంజరం అడగకుండా కానాగంతలు అడిగి చూడండి.

ప్రశ్న: నాకు క్రెడిట్ కార్డు మీద 60 వేల బాకీ ఉంది. ప్రతి నెలా కనీస మొత్తం 3 వేలు కడుతున్నాను. అలాగే నెలకు 3 వేలు బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తున్నాను. ఎన్ని నెలలు కట్టినా బాకీ తరగడం లేదు. పొదుపు ఆపకూడదని నాన్నగారు అంటున్నారు. మా అపార్టుమెంటులో ఒకరు నడిపే చీటీలో చేరి, పాడుకొని ఈ బాకీ తీర్చమంటారా?
— ఒక ప్రైవేటు ఉద్యోగి, మధురవాడ

జవాబు: బాబూ, కార్డు వడ్డీని శాతాలలో కాక మన పెద్దల భాషలో చెప్పుకుంటే విషయం వెంటనే అర్థమవుతుంది. నెలకు 3.5 శాతం అంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. ఆ వడ్డీకి ఊళ్లో ఎవరైనా అప్పు తెచ్చారని తెలిస్తే మీ నాన్నగారు ఊరుకునేవారు కాదు. 60 వేల మీద నెల వడ్డీ రూ.2,100, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ రూ.378, కలిపి రూ.2,478. మీరు కట్టే 3 వేలలో అసలుకు జమయ్యేది రూ.522 మాత్రమే. పైగా పాత బాకీ నిలిచి ఉండగా కార్డు మీద కొత్తగా ఏది కొన్నా, మామూలుగా దొరికే వడ్డీలేని గడువు దొరకదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఇంకోవైపు మీ డిపాజిట్ మీద వచ్చేది నెలకు నూటికి అర్ధ రూపాయి చుట్టుపక్కలే. మూడున్నర రూపాయలకు తెచ్చి అర్ధ రూపాయికి ఇస్తున్నారన్నమాట.

కాబట్టి డిపాజిట్ మూసివేయండి. గడువుకు ముందు మూస్తే వడ్డీ కొంత తగ్గుతుంది, ఆ నష్టం కార్డు వడ్డీతో పోలిస్తే చాలా చిన్నది. వచ్చినదంతా కార్డుకు కట్టి, ఇకపై నెలకు 6 వేలూ అటే మళ్లించండి. బాకీ తీరేవరకు ఆ కార్డును బీరువాలో పెట్టండి. ఇంట్లో వాడని బంగారం ఉండి, పెద్దలు ఒప్పుకుంటే బ్యాంకులో బంగారు రుణం చాలావరకు రూపాయి వడ్డీ లోపే దొరుకుతుంది. దానితో కార్డు బాకీని ఒక్కసారే తీర్చడం ఇంకా మంచిది. పొదుపు ఆపవద్దన్న నాన్నగారి మాటను మీరు తోసిపుచ్చుతున్నట్లు కాదు, ఈ లెక్క కాగితం మీద రాసి ఆయనకు చూపించండి.

చీటీ మాత్రం వద్దు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రారు వద్ద నమోదైన చీటీకే రక్షణ ఉంది. నమోదైన చీటీలో కూడా నిర్వాహకుడి కమిషన్ 7 శాతం వరకు ఉండవచ్చు, తొందరగా పాడుకుంటే తోసుడు (పాటలో వదులుకునే మొత్తం) కూడా పోతుంది. బాకీలో ఉన్న మనిషి పాటలో తొందరపడక తప్పదు.

ప్రశ్న: ఇంటి పన్ను ఏడాది మొత్తానికీ ఒకేసారి కడితే తగ్గింపు ఉందంటున్నారు. ఇప్పుడు కట్టవచ్చునా?
— ఒక పాఠకురాలు, పెందుర్తి

జవాబు: ఏడాది పన్ను మొత్తాన్ని ఏప్రిల్ 30 లోపు చెల్లించినవారికి 5 శాతం రాయితీ ఉంటుంది. ఈ ఏటికి ఆ గడువు దాటిపోయిందమ్మా. ఇప్పుడు మొదటి అర్ధ సంవత్సరపు పన్నును జూన్ 30 లోపు కట్టి, ఆలస్యపు వడ్డీ పడకుండా చూసుకోండి. వచ్చే ఏప్రిల్ కోసం పన్ను మొత్తాన్ని పన్నెండు భాగాలు చేసి, ఈ నెల నుంచే ఒక్కో భాగం విడిగా తీసిపెట్టండి.