పౌరసత్వం లేనివారిని అమెరికా రాజ్యాంగం కాపాడుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి హెచ్‌-1బీ వీసాపై డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఈమధ్య కారు వేగంగా నడిపాడని పోలీసు అధికారి ఆపి, టికెట్ రాసి, ఫోన్ కూడా చూపించమన్నారట. పరాయి దేశస్థుడికి హక్కులేముంటాయని భయపడి లాక్ తీసి ఇచ్చేశాడు. రెండు వందల ఏళ్ల కిందటి ఆ రాజ్యాంగం మావాడికి ఇవాళ పనికొస్తుందా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: తప్పకుండా పనికొస్తుంది; అయితే ఆ రక్షణను తనంతట తాను వదులుకోనంత వరకే.

అకారణ సోదాల నుంచి రక్షణనిచ్చే నాలుగో సవరణ 1791లో అమల్లోకి వచ్చింది. అందులో ఉన్న మాట ‘ప్రజలు’, ‘పౌరులు’ కాదు. 1868 నాటి పద్నాలుగో సవరణ కొన్ని హక్కులను పౌరులకు చెప్పి, చట్టం ముందు సమాన రక్షణను మాత్రం ‘ఏ వ్యక్తికైనా’ ఇచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్క భవనాల్లో బట్టలుతికే దుకాణాలు నడుపుకునే చైనీయులకు అనుమతులు నిరాకరించి, అదే పని చేసే ఇతరులకు ఇస్తున్నప్పుడు, ఆ సమాన రక్షణ పౌరులకే పరిమితం కాదని సుప్రీంకోర్టు 1886లో యిక్ వో కేసులో తేల్చిచెప్పింది. చట్టబద్ధంగా నివసిస్తున్న మీ అబ్బాయి నిస్సందేహంగా ఈ రక్షణల పరిధిలోకే వస్తాడు. ఓటు వంటివి మాత్రం పౌరులకే.

ఇక ఫోన్ సంగతి. 2014లో రైలీ కేసులో, అరెస్టు చేసిన మనిషి ఫోన్‌నైనా సాధారణంగా వారంట్ లేకుండా తెరిచి చూడరాదని న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా తీర్పునిచ్చారు. ఆ వ్యవహారమూ రోడ్డు మీద కారు ఆపడంతోనే మొదలైంది. అరెస్టే కాని మీ అబ్బాయి ఫోన్ ఇవ్వాల్సిన అవసరమే లేదు. కానీ అడగగానే ఇస్తే అది సమ్మతి అవుతుంది, సమ్మతి ఉన్నచోట వారంట్ అక్కర్లేదు. కాదనే హక్కు ఉందని పోలీసులు ముందుగా చెప్పనక్కర్లేదని 1973లోనే సుప్రీంకోర్టు అనడం వల్ల, తెలియక ఇచ్చానన్న ఒక్క వాదనతో తర్వాత గట్టెక్కడం కష్టం. మన పిల్లలు మర్యాద కోసమో భయంతోనో ఇలా హక్కులు వదులుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

మరోసారి ఇలా జరిగితే లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా కాగితాలు చూపించి, ‘సోదాకు నేను అంగీకరించడం లేదు’ అని వినయంగా, స్పష్టంగా చెప్పమనండి. కారులో నేరానికి సంబంధించినవి ఉన్నాయనడానికి తగిన ఆధారం ఉంటే పోలీసులు వారంట్ లేకుండానే కారు వెతకవచ్చు. అప్పుడు అడ్డుపడకూడదు, ఆ అభ్యంతరాన్ని కోర్టులోనే చెప్పుకోవాలి. మౌనంగా ఉండే హక్కు ఉంది గానీ అబద్ధం చెప్పే హక్కు లేదు. అధికారులకు అబద్ధం చెప్పడం వీసాకే ముప్పు తేవచ్చు.

విమానాశ్రయంలో లెక్క వేరు. దేశంలోకి ప్రవేశించేచోట అధికారులు వారంట్ లేకుండా ఫోన్ చూడగలరు, వీసాదారు కాదంటే ప్రవేశాన్నే నిరాకరించే ప్రమాదముంది.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. టికెట్‌లో రాసిన తేదీలోగా జరిమానా కట్టాలి, లేదా కోర్టులో ఎదుర్కోవాలి. పట్టించుకోకపోతే అరెస్టు వారంట్ రావచ్చు. ఎప్పుడైనా క్రిమినల్ అభియోగం వస్తే మాత్రం, నేరం ఒప్పుకునే ముందు దాని వల్ల వీసాకు ఏమవుతుందో న్యాయవాదిని అడగాలి. ఒప్పుకోలు దేశబహిష్కరణకు దారితీసే ప్రమాదముంటే ఆ విషయం క్లయింటుకు చెప్పడం న్యాయవాది విధి అని 2010లో పడియా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.