దుబాయ్‌కి మళ్ళీ వెళ్తే ఇంట్లోవాళ్ళను సోనాపూర్ తీసుకెళ్ళండి

ఒకప్పుడు పనిచేసిన దేశానికి మళ్ళీ చూడటానికి వెళ్ళడం డబ్బు దండగ కాదా అని కొందరు నన్ను అడిగారు. ఒంటరిగా వెళ్తే దండగే. భార్యాపిల్లలను వెంటబెట్టుకుని వెళ్తే మాత్రం ప్రతి రూపాయికీ విలువ ఉంటుంది.

మాది జగిత్యాల దగ్గర పల్లె. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పోసి, 2005లో షట్టరింగ్ కార్పెంటర్‌గా దుబాయ్ వెళ్ళాను. 2008 చివర్లో మాంద్యం దెబ్బకు సైట్లు ఒక్కొక్కటే ఆగిపోతే, మా కంపెనీ మమ్మల్ని ఇంటికి పంపేసింది. బుర్జ్ ఖలీఫాను అప్పట్లో బుర్జ్ దుబాయ్ అనేవాళ్ళం. అది లేస్తుంటే బస్సు కిటికీలోంచి చూశాను. 2010 జనవరిలో దాన్ని తెరిచేసరికి నేను ఊళ్ళో పొలం పనుల్లో ఉన్నాను. మెట్రో కూడా అంతే. స్తంభాలు చూశాను గానీ, రైలెక్కింది మా అబ్బాయి టికెట్లు తీసి నన్నూ మా ఆవిడనూ పంపినప్పుడే.

ఈ ట్రావెల్స్ వాళ్ళ ప్యాకేజీలంటే నాకు ఒళ్ళు మంట. ఒక మాల్, ఫౌంటెన్, బంగారం బజారు, ఎడారిలో జీపు, మళ్ళీ ఇంకో మాల్. కూలీల క్యాంపులుండే సోనాపూర్ తీసుకెళ్ళమంటే "అక్కడ చూడటానికి ఏముంది సార్" అన్నాడు గైడు. షార్జా వైపు ఉన్న ఆ క్యాంపుల్లోనే కదా ఊరు కట్టినవాళ్ళు పడుకునేది! ఆ సాయంత్రం ప్యాకేజీ వదిలేసి టాక్సీలో వెళ్ళాం.

ఆడవాళ్ళను లోపలికి రానివ్వరు. గేటు ఎదురుగా మలబారీల (కేరళవాళ్ళ) కెఫెటేరియాలో కరక్ చాయ్ చెప్పి కూర్చున్నాం. కాసేపటికి బస్సులు రావడం మొదలైంది. ఒక్కో బస్సులోంచి నీలం డ్రెస్సుల్లో మనుషులు దిగుతున్నారు. ఒక చేతిలో హెల్మెట్, ఇంకో చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా, వీపు మీద చెమట ఆరి తెల్లటి ఉప్పు చారలు. చలికాలంలోనే అలా ఉంటే ఎండాకాలం సంగతి మీరే ఊహించుకోండి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని ఆపాలని రూలుంది. అయినా ఆ మిగతా గంటలు చల్లగా ఏమీ ఉండవు.

మా మాటలు విని ఒక కుర్రాడు ఆగాడు. "మనోళ్ళేనా పెద్దమ్మా?" అన్నాడు. వాడిది కోరుట్ల వైపు. చాయ్ డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు. మా ఆవిడ "ఏం వండుకుంటవ్ బిడ్డా?" అని అడిగింది. వంటగదిలో పొయ్యి కోసం లైను కట్టాలని, రాత్రి వండిందే డబ్బాలో పెట్టుకుని తెల్లారకముందే బస్సెక్కాలని, ఎండల్లో మధ్యాహ్నానికి కూర పులిసిపోతుందని, అయినా తినాల్సిందేనని చెప్పాడు. ఆమె నా వైపు తిరిగి "నువ్వెన్నడు జెప్పలే గదా" అంది.

ఫోన్ కార్డు గీకి మాట్లాడే పది నిమిషాల్లో ఏ మగాడూ ఇవన్నీ చెప్పడు. బాగున్నా అంటాడు, డబ్బులు అందాయా అని అడుగుతాడు. అందుకే ఊళ్ళో చుట్టాలకు దుబాయోడంటే నడిచొచ్చే బ్యాంకు. చెల్లి పెళ్ళికి, బావ బోరుకు, ఎవరెవరి చిట్టీలకో, అన్నిటికీ వాడే. వాళ్ళను ఒక్కసారి ఆ గేటు ముందు నిలబెడితే ఇంకెవరూ చెయ్యి చాచరని నా గట్టి నమ్మకం. అప్పట్లో దిర్హాముకు పన్నెండు రూపాయలు వచ్చేవి. ఇప్పుడు రెట్టింపు దాకా వస్తున్నాయి కాబట్టి బాగా మిగులుతుందనుకుంటారు. ఆ కుర్రాడి జీతం వింటే అది దిర్హాముల్లో నా జీతం కంటే పెద్ద ఎక్కువేం కాదు. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు మాత్రం నాకంటే చాలా ఎక్కువ.

వెళ్ళేవాళ్ళు డిసెంబరు, జనవరిలో వెళ్ళండి. దేరా నుంచి బర్ దుబాయ్‌కి అబ్రా (చిన్న పడవ) ఎక్కండి, ఇప్పటికీ ఒక్క దిర్హామే. క్యాంపు దగ్గరికి ఉత్త చేతులతో పోకండి. సకినాలో, మామిడికాయ తొక్కో కాస్త ఎక్కువే పట్టుకెళ్ళండి, ఒక్కో గదిలో ఆరేడుగురు ఉంటారు.