ఉప్పునీటి ట్యాంకు పెడుతున్న మేనకోడలికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్లో ఏవో సంగతులు మాట్లాడుతూ మధ్యలో చెప్పాడు, నువ్వు కూకట్‌పల్లి ఫ్లాట్లో సముద్రపు చేపల ట్యాంకు పెడుతున్నావట. 150 లీటర్ల తొట్టె ఇంటికి వచ్చేసిందట, ఆదివారం చేపలు తెస్తావట. మొదటి మాటకి పొంగిపోయాను. చివరి మాటకి నిద్ర పట్టలేదు. భీమిలి దగ్గర రొయ్యపిల్లల్ని పుట్టించి పెంచే హేచరీల్లో నీళ్ళ ల్యాబ్ చూసుకుంటూనే నా సర్వీసంతా గడిచిందని నీకు తెలుసు. అయినా అత్తకొక ఫోను కొడదామని అనిపించలేదా? సరే, అలక ఇక్కడితో ఆపేస్తున్నాను. ఆదివారం చేపలు తేకు. ఆ పై ఆదివారం కూడా వద్దు. నెలా పదిహేను రోజులు పట్టొచ్చు, పట్టనీ.

ఎందుకో చెబుతాను. చేప మొప్పల్లోంచి అమ్మోనియా నిత్యం వస్తూనే ఉంటుంది. తినకుండా మిగిలిన మేత కుళ్ళినా వచ్చేది అదే. సముద్రంలో అయితే ఎక్కడికో కొట్టుకుపోతుంది. నీ తొట్టెలో పోవడానికి చోటేదీ? దాన్ని వాడుకుని బతికే బ్యాక్టీరియా రాళ్ళ మీద, ఇసుకలో, ఫిల్టరులో పట్టాలి. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ దాకా వచ్చాక అంత భయం లేదు, అప్పుడప్పుడూ కొంత నీరు మారిస్తే తగ్గుతుంది. పాలలో తోడు వేస్తే తెల్లారేసరికి పెరుగైపోతుంది, ఇవి అలాంటివి కావు. ఒకటి రెండు కావడానికే చాలా గంటలు, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. తొందరపెట్టి చేయించుకునే పని కాదిది.

చిన్నప్పుడు గోల్డ్‌ఫిష్‌ని ఇవేవీ లేకుండానే పెంచాను కదా అనుకుంటున్నావేమో. మంచినీళ్ళ పీహెచ్ 7 దగ్గరుంటే, ఆ అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. సముద్రపు నీళ్ళ పీహెచ్ 8.2 దగ్గర ఆ భాగం పది రెట్లు దాటుతుంది. అక్కడ చెల్లిన పొరపాటు ఇక్కడ చెల్లదు.

నీళ్ళ సంగతి. మీ నాన్న రుషికొండ నుంచి క్యాన్లలో సముద్రపు నీరు పట్టుకొస్తానంటున్నాడు. వద్దని చెప్పు. ఒడ్డు దగ్గరి నీటిలో ఏ కాలవ కలుస్తుందో తెలీదు, వానలు పడితే ఉప్పదనం కూడా పడిపోతుంది. హేచరీలో ఆ నీటినే వాడేవాళ్ళం, కానీ వడగట్టి, బ్లీచింగ్ వేసి, అది విరిగాక పరీక్ష చేసి వాడేవాళ్ళం. నువ్వు ఆర్‌ఓ నీళ్ళలో అక్వేరియం కోసం అమ్మే మెరైన్ సాల్ట్ కలుపుకో. ఒక్క మాట, వంటింట్లో ఉన్న ప్యూరిఫయర్ నీళ్ళు పట్టేముందు దాని మీద ఏం రాసి ఉందో చదువు. ఈ మధ్య తాగే నీటికి రాగి కలిపే కాట్రిడ్జ్‌లు పెడుతున్నారు. మనకి మంచిదేమో గానీ రేపు నువ్వు పెంచబోయే రొయ్యకీ నత్తకీ ఆ రాగి చావే. కల్లుప్పు వేసి సరిపెట్టే ఆలోచన ఉంటే మానుకో, అందులో కాల్షియం, మెగ్నీషియం ఉండాల్సినంత ఉండవు. లీటరుకి 35 నుంచి 38 గ్రాముల సాల్ట్ పడుతుంది. వేరే బకెట్లో మోటారు పెట్టి రాత్రంతా తిప్పి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్లో 35 చూశాకే తొట్టెలో పొయ్యి. ఆవిరై తగ్గిన నీటికి మాత్రం ఉప్పు కలపని నీరే పోయాలి, ఉప్పు ఆవిరవదు.

రాళ్ళు. షాపులో ఎవరైనా సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాయి చూపిస్తే ముట్టుకోకు. 2001లో దిబ్బలు కట్టే పగడాలను వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. ఎండు రాళ్ళు, సిరామిక్ రింగులు చాలు. బ్యాక్టీరియాకి కావలసింది గరుకైన చోటు, అంతే. మంచి ట్యాంకు నడుపుతున్న స్నేహితులెవరైనా ఉంటే, వాళ్ళ ఫిల్టరులోంచి గుప్పెడు రింగులు తడి ఆరకుండా తెచ్చి నీ ఫిల్టరులో వేసుకో, రోజులు కలిసొస్తాయి. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా మీద నాకు పెద్ద గురి లేదు. అది మంచిదే అయినా మే నెల ఎండలో ఏ గోడౌన్లో మగ్గిందో మనకు తెలీదు.

ఇక బ్యాక్టీరియాకి తిండి. చేపని వేసి దాని అమ్మోనియాతో మొదలుపెట్టమని షాపువాళ్ళు చెబుతారు. నా మేనకోడలు ఆ పని చెయ్యదు. కొందరు పచ్చి రొయ్యను వేసి కుళ్ళనిస్తారు. పని జరుగుతుంది గానీ ఎంత అమ్మోనియా వస్తుందో మన చేతిలో ఉండదు, ఇల్లంతా కంపు. అమ్మోనియం క్లోరైడ్ తెచ్చుకో. మన నవాసారమే అది. అలాగని కళాయి పూసేవాళ్ళ దగ్గర దొరికే ముద్ద తేకు, అందులో ఇంకేం కలిసి ఉందో చెప్పలేం. ల్యాబ్ సామాన్లు అమ్మే కొట్లో శుద్ధమైన పొడి అడుగు. నీ 150 లీటర్లకి గ్రాము కంటే కొంచెం తక్కువ వేస్తే 2 పీపీఎం, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వస్తుంది. ఎక్కువ వేస్తే తొందరగా అవుతుందనుకోకు, మరీ పెరిగితే ఆ బ్యాక్టీరియాకే పడదు.

లైట్లు ఆపేసి ఉంచు. మోటారు, గాలి మాత్రం రాత్రీ పగలూ తిరగాలి. రోజు విడిచి రోజు పరీక్ష చెయ్యి. అమ్మోనియా ట్యూబు పసుపులో ఉంటే లేనట్టు, పచ్చబడితే ఉన్నట్టు. ట్యూబులైటు కింద చూడకు, బాల్కనీలో పగటి వెలుగులో వెనక తెల్లకాగితం పెట్టి చూడు. నైట్రేట్ కిట్‌లో రెండో సీసా అడుగున మందు గట్టిపడి ఉంటుంది. దాన్ని అర నిమిషం గట్టిగా ఆడించి అప్పుడు చుక్కలు వెయ్యి, లేదంటే ఉన్నది లేనట్టు కనబడుతుంది. మొదట్లో రోజుల తరబడి ఏమీ కదలదు. అప్పుడే మనసు జావగారిపోతుంది, ఆ రోజుల్లో ఫోను చెయ్యి నాకు. తర్వాత అమ్మోనియా దిగుతుంటే నైట్రైట్ ఎక్కుతుంది, అది చాలాకాలం దిగకుండా మొండికేస్తుంది. ఉప్పునీటిలో క్లోరైడ్ ఉండడం వల్ల నైట్రైట్ మంచినీటి చేపలకి చేసినంత కీడు చెయ్యదు. అందుకని దాన్ని పట్టించుకోనక్కర్లేదని కొందరంటారు. నేను ఒప్పుకోను. రెండో రకం బ్యాక్టీరియా పట్టిందో లేదో నీకు చెప్పేది అదొక్కటే. మరీ కదలకుండా ఆగిపోతే ఆల్కలినిటీ చూడు, పీహెచ్ పడిపోకుండా నీటిని కాచే గుణం అది. ఈ పనిలో అది ఖర్చవుతూ ఉంటుంది, తగ్గితే తినే సోడా కొద్దిగా కలిపి పెంచుకోవచ్చు.

ఈ మధ్యలోనే రాళ్ళ మీదా గాజు మీదా గోధుమరంగు పొర ఒకటి వస్తుంది. జిగురుగా, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. నిన్నెరిగినదాన్ని కనుక చెబుతున్నాను, నీ చెయ్యి బ్రష్ వైపు వెళుతుంది. గాజు తుడుచుకో, ఫరవాలేదు. రాళ్ళ జోలికీ ఫిల్టరు జోలికీ వెళ్ళకు.

టైగర్ రొయ్యల కాలంలో నేను చేసిన ఒక హేచరీలో, తుఫానుకి సముద్రంలోని పైపులైను దెబ్బతింది. కొత్తనీరు తోడే వీల్లేక, మదర్ రొయ్యలుండే ట్యాంకుకి ఉన్న నీటినే బయో ఫిల్టరు మీదుగా తిప్పుతూ నడిపేవాళ్ళం. ఫిల్టరంటే పెద్దదేమీ కాదు, సిమెంటు తొట్టె నిండా ఆలిచిప్పలు. నెలల తరబడి తిరిగి ఆ చిప్పలకి నల్లగా, గోధుమగా జిగట పట్టింది. చేత్తో తీస్తే వేళ్ళ మధ్య జారిపోయేది, తీసిన చేతికి వానకి తడిసిన మట్టి వాసన వచ్చేది. ఆ వాసన ఉంటే ఫిల్టరు బాగున్నట్టు. ఒకరోజు యజమాని ఎవరో పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ తొట్టె చూసి ఆయనకి తలకొట్టేసినట్టయింది. తెల్లారేసరికి చిప్పలు తెల్లగా కనబడాలన్నాడు. కుర్రాళ్ళు రాత్రంతా మేలుకుని బ్లీచింగ్‌లో నానబెట్టి, తోమి, మళ్ళీ పేర్చారు. థయో అనే సోడియం థయోసల్ఫేట్ వేసి క్లోరిన్ విరిచారు. క్లోరిన్ ఉంటే పసుపు చూపే ఆర్థోటోలిడిన్ చుక్క వేసి చూశాం, పసుపు రాలేదు. క్లోరిన్ లేదు, నిజమే. నీరు ఎంత తేటగా ఉందంటే ట్యాంకు అడుగున సిమెంటు గీతలు కూడా కనబడ్డాయి.

అదే వారం మరబోటువాళ్ళు మదర్లని తెచ్చారు. గుడ్లతో నిండిన తల్లులు, ఒక్కోటి వేలు పోసి కొన్నవి. ఫిల్టరు మళ్ళీ పట్టేదాకా వెయ్యొద్దని, వేస్తే చాలా కొద్దిగా వెయ్యమని బతిమాలాం. ఇంత తేట నీళ్ళకి ఇంకా పరీక్షలేమిటని యజమాని విసుక్కున్నాడు. అన్నీ వేయించాడు. మొదటి రాత్రి బాగానే తిన్నాయి. రెండో రాత్రి వేసిన స్క్విడ్ ముక్కలు పొద్దున్నకి వేసినచోటే ఉన్నాయి. కాళ్ళు ఎర్రబారాయి. నమూనా తెచ్చి మందు కలిపితే ట్యూబు ముదురు నీలానికి తిరిగింది, అమ్మోనియాకి మా పద్ధతిలో వచ్చే రంగు అది. ట్యాంకర్లతో నీరు తెప్పించి మార్చాం, చాలలేదు. ఒక్కొక్కటే పక్కకి ఒరిగిపోయాయి. వాటిని గంపలోకి ఎత్తిన ముసలాయన, గుడ్లతో పచ్చగా నిండిన వీపులు చూసి, కడుపుతో ఉన్నవాటిని చంపుకున్నామమ్మా అని ఏడ్చాడు. ఆ తొట్టె అడుగున అప్పటికీ నీరు తేటగానే ఉంది.

అందుకే నీకిది ఇంత వివరంగా రాస్తున్నాను. అమ్మోనియాకి రంగు లేదు. నీరు మెరుస్తోందని, అందంగా ఉందని, ఇంటికొచ్చినవాళ్ళు మెచ్చుకున్నారని చేప వెయ్యకు. ట్యూబు చెప్పిందే నమ్ము. ఫిల్టరు స్పాంజి పూడుకుపోతే ట్యాంకులోంచి తీసిన ఉప్పునీటిలోనే ఒకసారి ముంచి పిండు. కుళాయి కింద పెట్టకు, ఆ నీటిలో క్లోరిన్ ఉంటుంది.

కరెంటు గురించి నాకున్న భయం నీకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక రోజుల తరబడి మాకు కరెంటు లేదు, జనరేటర్‌కి డీజిల్ కోసం బంకుల దగ్గర బారులు. బ్యాక్టీరియాకి కూడా ఊపిరి కావాలమ్మా. నీరు కదలడం ఆగితే మూసి ఉన్న ఫిల్టరులో ఆక్సిజన్ ముందు అయిపోతుంది, కుళ్ళిన గుడ్డు వాసన మొదలవుతుంది. హైదరాబాద్‌లో తుఫాను రాకపోయినా ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఒకటి కొనిపెట్టుకో. చాలాసేపు ఆగిన ఫిల్టరుని కరెంటు రాగానే ఆన్ చెయ్యకు, అందులోని నీరు పారబోసి, ఉప్పునీటితో కడిగి అప్పుడు పెట్టు. ఇంకొకటి, ఇది నాకు చేపలకంటే ముఖ్యం. ఉప్పునీటిలో కరెంటు మంచినీటికంటే బాగా పారుతుంది. ఇంటికి ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్, ఉందో లేదో ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించు, లేకపోతే పెట్టించు. వైర్లు ప్లగ్గు కంటే కిందికి వంగి మళ్ళీ పైకి వెళ్ళేలా పెట్టు, కారిన నీరు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతుంది. స్విచ్ ఆపకుండా నీళ్ళలో చెయ్యి పెట్టొద్దు. మోటారు పట్టుకుని విలవిల్లాడిన మనిషిని చూశాను నేను, కర్రతో వైరు లాగి బతికించారు. ఈ మాటొక్కటి వినకపోతే మిగతావేవీ విననక్కర్లేదు.

మీ ఇంట్లో ఇంతమంది పిల్లలు వేసవి సెలవలకి భీమిలి వచ్చేవాళ్ళు, అందరికీ బీచ్ కావాలి. నువ్వొక్కదానివే ల్యాబ్‌లో స్టూలెక్కి మైక్రోస్కోప్ వదిలేదానివి కాదు. జోయా దశలో ఉన్న రొయ్యపిల్లలు తిన్నది తిన్నట్టు వెనక సన్నటి దారంలా వేలాడేస్తూ ఈదుతాయి. అది కనబడితే మేత తింటున్నట్టని చెబితే, గుడ్డ కట్టిన బీకరు తెచ్చి ప్రతి ట్యాంకులోనూ దారం ఉందో లేదో చూసొచ్చావు. అంత ఓర్పున్న పిల్లవి, ఈ నెలన్నర నీకొక లెక్కా?

ముగిసిందని ఎలా తెలుస్తుందంటే, 2 పీపీఎం అమ్మోనియా వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావాలి. మర్నాడు మళ్ళీ వేసి చూడు, మళ్ళీ రావాలి. అప్పటికి నైట్రేట్ బాగా పేరుకుని ఉంటుంది, సగానికి పైగా నీరు మార్చి ఒకటో రెండో చేపలు తెచ్చుకో. చేపలు వచ్చేలోపు రోజులు గడిచేట్టుంటే బ్యాక్టీరియాని పస్తు పెట్టకు, కొద్దిగా నవాసారం వేస్తూ ఉండు.

మొదటి చేపగా క్లౌన్‌ఫిష్‌నే తెచ్చుకో, సముద్రంలో పట్టింది కాదు, ట్యాంకులో పుట్టిన పిల్ల. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) శాస్త్రవేత్తలు వాటిని ట్యాంకుల్లో పొదిగించే పద్ధతి ఎప్పుడో సాధించారు, కాబట్టి దొరకదనే మాటకి లొంగకు. కొనేముందు నీ కళ్ళ ముందే మేత వేసి తినిపించమను. తినని చేప తేకు. మొదటి వారం మేత చిటికెడే, అది కూడా తినగా మిగిలింది తీసేసెయ్యి. ఇంకో చేప కావాలంటే మరో రెండు మూడు వారాలు ఆగాలి, వచ్చే ప్రతి చేపకీ సరిపడా బ్యాక్టీరియా మళ్ళీ పెరగాలి.

ట్యూబుల ఫోటోలు పొద్దున్న పదింటి లోపు తీసి పంపు, మూడూ పక్కపక్కన పెట్టి, ఏది ఏదో కింద రాసి. తారీఖు వెయ్యడం మర్చిపోకు. తొట్టె పెట్టిన చోటు ఫోటో కూడా పంపు, నీళ్ళూ రాళ్ళూ కలిపి రెండు వందల కిలోలు దాటుతుంది, బల్ల సంగతి నేను చూడాలి.

మీ అత్త