పగలే చీకటిగా ఉండే రైల్వే అండర్‌పాస్‌కు ఎన్ని వాట్ల దీపాలు వేయాలి?

మీరు అడిగింది ఇదీ: స్టేషన్ యార్డు కింద నుంచి వెళ్ళే 70 మీటర్ల అండర్‌పాస్, మధ్యలో చిన్న వంపు, రెండు వైపుల రాకపోకలు. పాత సోడియం దీపాలు తీసి ఎల్‌ఈడీలు పెట్టాలనుకుంటున్నారు. ఒక్కొక్కటి ఎన్ని వాట్లది వేయాలి, ఎన్ని వేయాలి?

అంకె తప్పకుండా చెబుతాను. దానికి ముందు ఒక అనుభవం చెప్పాలి. ఇది వినకుండా అంకె తీసుకుంటే మీ డబ్బు వృథా అవుతుంది.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. పదకొండేళ్ళు ఉత్తరాది కొండల్లో రోడ్డు సొరంగాల దీపాల పనులు చేశాను. ఇంటికి తిరిగి వచ్చిన ఏడాదే మన డెల్టాలోని ఒక పట్టణంలో అండర్‌పాస్ చూసి రమ్మని పిలిచారు. కొత్త ఎల్‌ఈడీలు వేసి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్ళాను. లోపల ఒక్క దీపం వెలగడం లేదు. కాంట్రాక్టరు వాటిని వీధి దీపాల లైనుకే కలిపేశాడు. సాయంత్రం చీకటి పడగానే వెలుగుతాయి, తెల్లవారగానే ఆరిపోతాయి. నేను అక్కడ నిలబడి ఉండగానే బడిపిల్లల ఆటో ఒకటి ఎండలోంచి లోపలికి దిగి, ఎదురుగా సైకిల్ తోసుకుంటూ వస్తున్న పెద్దాయనకు మూరెడు దూరంలో ఆగింది. ఆటో డ్రైవరు దిగి వణుకుతూ, "సార్, ఆయన నాకు కనబడనే లేదు" అన్నాడు. సైకిల్ పెద్దాయన గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుని, "బాబూ, రాత్రిపూట ఈ దీపాలు కళ్ళలో పొడుస్తాయి. పగలు వచ్చేసరికి ఒక్కటీ ఉండదు. ఎవరి కోసం వేశారు ఇవి?" అని నన్ను అడిగాడు. మీ పనికి నేను మొదటి పాఠంగా చెప్పేది ఆ ప్రశ్ననే.

వీధి దీపం రాత్రి కోసం. సొరంగం దీపం ముఖ్యంగా పగటి కోసం. ఎండ ఎంత తీవ్రంగా ఉంటే లోపల అంత ఎక్కువ వెలుగు కావాలి. రాత్రి బయటా చీకటే కనుక లోపల కొంచెం చాలు. మండే ఎండకు అలవాటుపడిన కన్ను ఒక్క క్షణంలో చీకటికి సర్దుకోలేదు. దూరం నుంచి చూసే డ్రైవరుకు సొరంగం నోరు నల్లటి రంధ్రంలా కనిపిస్తుంది, అందులో ఏమున్నా కంటికి ఆనదు. చీకటిలోంచి వెలుగులోకి రావడం మాత్రం కంటికి సులువు, అందుకే బయటికి వచ్చే వైపు ఇంత బెంగ ఉండదు.

సీఐఈ అనే అంతర్జాతీయ దీపకాంతి సంస్థ 2004లో సొరంగాలు, అండర్‌పాస్‌ల కోసం 88వ నంబరు మార్గదర్శిని సవరించి ఇచ్చింది. మన దేశంలో రోడ్డు సొరంగాలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శి, ఐఆర్‌సీ ఎస్‌పీ 91, ఉంది. సీఐఈ లెక్క మొదలయ్యేది దీపంతో కాదు, బండి ఆగడానికి పట్టే దూరంతో. మీ దారిలో గంటకు 40 కిలోమీటర్ల వేగం అనుకుంటే మన దేశపు లెక్కలో అది 45 మీటర్లు. ముఖద్వారానికి అంత దూరంలో డ్రైవరు ఉన్నాడనుకోండి. అతని కంటి నుంచి ద్వారం వైపు 20 డిగ్రీల శంకువు గీస్తే అందులో పడే ఆకాశం, రోడ్డు, గోడలు, చెట్లు అన్నిటి సగటు ప్రకాశమే మీకు కావలసిన మొదటి అంకె. 45 మీటర్ల దూరంలో ఆ వలయం వ్యాసార్థం సుమారు 8 మీటర్లు ఉంటుంది.

మన డెల్టా ప్రత్యేకత ఇక్కడే బయటపడుతుంది. కొండల్లో ఆ వలయం నిండా రాయి, చెట్లు ఉంటాయి, ఆకాశం ఏ మూలో కాస్త కనబడుతుంది. మనకు కొండ ఎక్కడుంది? రైలుకట్ట ఎత్తు దాటితే అంతా ఆకాశమే. సీఐఈ పట్టికలో ఆకాశం ప్రకాశం, బండి వెళ్ళే దిక్కును బట్టి, చదరపు మీటరుకు 8,000 నుంచి 16,000 కాండెలాల దాకా ఉంటుంది (కాండెలా లెక్క అంటే ఒక తలం కంటికి ఎంత వెలుగుగా కనబడుతుందో చెప్పే కొలత). పచ్చిక బయలుకు 2,000 మాత్రమే. కాబట్టి పచ్చటి కోనసీమ కనుక వెలుగు మెత్తగా ఉంటుందని అనుకోకండి. మరొక సంగతి ఏ పట్టికలోనూ దొరకదు, ఇక్కడ తిరిగితేనే తెలుస్తుంది. దాళ్వా (రెండో పంట వరి) నాట్లకు చేలు నీళ్ళు పెట్టుకున్న రోజుల్లో, రొయ్యల చెరువుల పక్కన ఏడాది పొడవునా, నేలే అద్దమవుతుంది. ర్యాంపు దిగబోయే ముందు ఆ మెరుపు కళ్ళలో నింపుకుని డ్రైవరు లోపలికి వస్తాడు. అందుకే కొలత ఒక్కసారి తీసి ఊరుకోకండి. నేను వరి కోసిన తర్వాత ఒకసారి, నాట్ల సమయంలో ఒకసారి తీయించాను.

ఇప్పుడు మీ అంకె. మీ ముఖద్వారం దగ్గర ఆ సగటు 4,000 కాండెలాలు వచ్చిందనుకుందాం. తక్కువ వేగాల్లో, అంటే ఆగే దూరం 60 మీటర్ల లోపు ఉన్నప్పుడు, లోపలి మొదటి భాగంలో దానిలో 5 శాతం ఉండాలని పాత సీఐఈ పద్ధతి చెబుతుంది. అంటే 200. రాత్రి మంచి రోడ్డుకు ఉండే ప్రకాశం 1 నుంచి 2 కాండెలాలే, తేడా ఎంతో చూడండి. అయితే 25 మీటర్ల లోపు దారికి పగటి దీపాలు అక్కర్లేదు. 125 మీటర్లు దాటితే తప్పనిసరి. మధ్యలో ఉన్నవాటికి అవతలి వెలుగు కనబడుతుందా, గోడలు తెల్లగా ఉన్నాయా, నడిచేవాళ్ళు, సైకిళ్ళు ఉన్నాయా అన్నది చూసి నిర్ణయిస్తారు. మీకు వంపు ఉంది, కనుక అవతలి వైపు పూర్తిగా కనబడదు, నడిచేవాళ్ళూ ఉన్నారు. ఇలాంటి పొట్టిదానికి పూర్తి వెలుగులో సగం ఇవ్వవచ్చు. అంటే 100 కాండెలాలు. సిమెంటు రోడ్డు మీద అంత ప్రకాశానికి రమారమి 1,000 లక్స్ (రోడ్డు మీద పడే వెలుగు కొలత) పడాలి. తారు రోడ్డయితే ఒకటిన్నర రెట్లు.

రోడ్డు వెడల్పు ఏడున్నర మీటర్లు అనుకుంటే వైశాల్యం 525 చదరపు మీటర్లు. దీపం ఇచ్చే వెలుగులో సగమే రోడ్డు మీద పడుతుంది, దుమ్ముకూ వయసుకూ 30 శాతం తగ్గించాలి. వాటుకు 130 ల్యూమెన్లు (దీపం నుంచి వెలువడే వెలుగు కొలత) ఇచ్చే దీపాలతో లెక్కిస్తే మొత్తం 11.5 కిలోవాట్లు వస్తుంది. 150 వాట్లవి సుమారు 77. ఇరవయ్యో ముప్పయ్యో దీపాలతో సరిపోతుందని అనుకున్నవాళ్ళకు ఇది గుండె జారే అంకె అని నాకు తెలుసు. నేను చెప్పిన ఆ డెల్టా పట్టణంలోనూ అంచనా చూసిన పెద్దలు కాగితం వెనక్కి తోశారు.

అప్పుడే మేము దీపాలు పక్కన పెట్టి బయటి వెలుగు తగ్గించే పని మొదలుపెట్టాం. నాకు ఈ వృత్తిలో అన్నిటికంటే ఇష్టమైన పని అదే. ర్యాంపు పక్క గోడలకు ఎవరో తెల్ల సున్నం కొట్టి ప్రకటనలు రాయించారు. ఆ గోడలకు ముదురు బూడిద రంగు వేయించి, పైనుంచి తీగలు పాకించాం. ద్వారం పైన కట్ట మీద గుబురుగా పెరిగే మొక్కలు నాటించాం, రైల్వే అనుమతి కోసం నెలలు తిరగాల్సి వచ్చింది కానీ వదలలేదు. ర్యాంపు తారుగానే ఉంచాం. ద్వారం దాటిన తర్వాత మాత్రం అన్నీ తిరగబడాలి. లోపల రోడ్డు లేత రంగు సిమెంటు, గోడలకు కనీసం రెండు మీటర్ల ఎత్తు వరకు లేత రంగు పలకలు. మనిషి గోడను నేపథ్యంగా చేసుకునే కనబడతాడు, ఆ గోడ తెల్లగా ఉంటే అతను చీకటి బొమ్మలా విడిగా తెలుస్తాడు. నిగనిగలాడే పలకలు వద్దు, బళ్ళ దీపాలు వాటిలో ప్రతిబింబించి కళ్ళు చెదురుతాయి. ఉత్త సున్నం కూడా పనికిరాదు, మన నేలలో నీటి ఊట పైనే ఉంటుంది, రెండు వానలకు గోడ చెమ్మెక్కి పొరలు పొరలుగా ఊడుతుంది. బయటి సగటు 4,000 నుంచి 3,000కు దిగితే మీ 11.5 కిలోవాట్లు ఎనిమిదిన్నర చిల్లరకు దిగుతాయి. తెల్ల గోడల లాభం దానికి అదనం.

పెద్ద సొరంగంలో ఆగే దూరమంత పొడవు ద్వారభాగంగా లెక్క. అందులో మొదటి సగం పూర్తి వెలుగు, తర్వాత మెల్లగా 40 శాతానికి దింపి, అక్కడినుంచి కన్ను అలవాటుపడే కొద్దీ తగ్గించుకుంటూ పోతారు. మీకు ఆ మెట్లు కుదరవు. రెండు వైపుల నుంచీ బళ్ళు వస్తాయి, ఇటు 45, అటు 45, మొత్తం పొడవే 70. అంటే మీ దారి అంతా ద్వారమే. ఒకే స్థాయి వెలుగు పెట్టేయండి.

సోడియం తీసి ఎల్‌ఈడీ పెట్టడంలో అసలైన లాభం కరెంటు బిల్లు ఒక్కటే కాదు. సోడియం దీపం కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా మళ్ళీ పూర్తిగా వెలగడానికి నిమిషాలు పడుతుంది. మన లైన్ల సంగతి మీకు తెలుసు. ఎల్‌ఈడీ వెంటనే వెలుగుతుంది, కావలసినంత తగ్గుతుంది. ఆ గుణాన్ని వాడుకోవాలంటే ద్వారం వైపు చూసే వెలుగు కొలమాని బయట పెట్టి, అది చెప్పినట్టు దీపాలు పెరిగి తగ్గేలా చేయించండి. సంధ్యకు వెలిగే మామూలు సెన్సరు వద్దే వద్దు. రాత్రికి బయటి రోడ్డు వెలుగుకు సమానంగా దించండి.

పాత దీపాల కొక్కేలకే కొత్తవి తగిలిస్తే చవక అని ఎవరైనా అంటారు. పొడవైన సొరంగంలో అది ప్రమాదం. నేను పనిచేసిన ఒకచోట పాత కొక్కేల దూరం 4 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళేవాడి కళ్ళ ముందు సెకనుకు ఐదున్నర సార్లు వెలుగు మిణుకుమనేది. 4 నుంచి 11 మధ్య మిణుకు 20 సెకన్లకు మించి సాగితే చిరాకు, తలనొప్పి. చివరకు కొక్కేలన్నీ మార్చాం. మీ దారి ఆరేడు సెకన్లలో దాటిపోతుంది కనుక మీకు ఆ బెడద లేదు.

మన ప్రాంతంలో దీపాలను చంపేది ఉప్పు, నీరు, గడ్డి ట్రాక్టర్లు. రొయ్యల చెరువుల గాలికి మామూలు స్టీలు బోల్టు తొందరగా తుప్పు పడుతుంది. 316 రకం స్టెయిన్‌లెస్ అడగండి. అల్యూమినియం దీపానికి దాన్ని బిగించేటప్పుడు మధ్యలో నైలాన్ వాషరు ఉండాలి, లేకపోతే తడిలో రెండు లోహాలు కలిసినచోట అల్యూమినియం తినుకుపోతుంది. దీపం ఐపీ 66 (దుమ్ము, నీటి ధార లోపలికి పోని రకం) ఉండాలి, ఎందుకంటే గోడలతో పాటు దాన్నీ పైపుతో కడగాలి. చేపల లారీల నీళ్ళు, పొగమసి కలిసి గట్టిపడతాయి. కడిగే పనికి టెండర్లోనే డబ్బు రాయించండి, తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు. ప్యానెల్ బోర్డును కింద పెట్టవద్దు, వాన నీటి మట్టానికి బాగా పైన, బయటి రోడ్డు స్థాయిలో పెట్టండి. నీళ్ళు తోడే మోటారు లైను వేరు, దీపాల లైను వేరు. ప్రతి లైనుకూ 30 మిల్లీఆంపియర్లకు కోసేసే రక్షణ స్విచ్చి ఉండాలి, మోకాలి లోతు నీళ్ళలో పిల్లలు నడుస్తారు. గడ్డి లోడు దీపాలను ఊడగొట్టకుండా ర్యాంపు మొదట్లోనే ఎత్తు అడ్డుకమ్మీ ఉండాలి. కొన్ని దీపాలను బ్యాటరీకి కలపండి, కరెంటు పోయినా లోపలున్నవాళ్ళు బయటికి రాగలగాలి.

మధ్యాహ్నం పన్నెండుకు, ఎండ బాగా ఉన్న రోజున, రెండు వైపులా ద్వారానికి 45 మీటర్ల దూరంలో డ్రైవరు కంటి ఎత్తులో నిలబడి ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. దారి ఏ దిక్కుకు ఉందో, లోపల రోడ్డు సిమెంటో తారో రాయండి. తూర్పు పడమరలుగా ఉంటే ఉదయం, సాయంత్రం కూడా ఒక్కో ఫోటో కావాలి, వాలు సూర్యుడు లెక్క మార్చేస్తాడు. మీ 77 ఎంతకు తగ్గుతుందో అప్పుడు కూర్చుని లెక్క వేసి చెబుతాను.