అమ్మడూ, పక్కవాళ్ళ కుట్టు మాత్రం విప్పకు

అమ్మడూ,

మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది, శనివారం శనివారం మీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆడవాళ్ళందర్నీ పోగేసి మ్యాటీ అనే గళ్ళ గుడ్డ మీద క్రాస్ స్టిచ్ కుట్లు మొదలుపెడుతున్నావంట కదా. వినగానే భలే సంతోషం వేసింది, గంట పోయాక భయం పట్టుకుంది. సంతోషం ఎందుకంటే బాబు పుట్టాక సరిగ్గా నిద్ర లేక, ఆఫీస్ మానేసి, ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేదానివి, అలాంటిది ఇప్పుడు నువ్వే పదిమందిని పిలుస్తున్నావంటే నాకింకేం కావాలి. భయం ఎందుకో కింద రాస్తున్నా, ఓపిగ్గా చదువు, స్క్రోల్ చేసేసి చివరికి పోకు, నీ అలవాటు నాకు తెలుసు.

ముందు మామూలు విషయాలు గబగబా చెప్పేస్తా. మ్యాటీ 14 కౌంట్ తీసుకో, అంటే అంగుళానికి 14 గళ్ళు, చూపు ఆననివాళ్ళకి 11 కౌంట్ ఇవ్వు. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి, 14కి రెండు పోగులు, 11కి మూడు. మూరెడు దారం చాలు, మాటిమాటికీ సూదిలోకి ఎక్కించడానికి బద్ధకించి బారెడు తీశారంటే చిక్కులు తీసుకుంటూ కూర్చోవాలి. గుడ్డ నాలుగు మడతలు పెట్టి నడిమధ్య గుర్తు పెట్టుకుని అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. బొమ్మ అడ్డంగా 140 కుట్లుంటే 10 అంగుళాలు వస్తుంది, ఫ్రేమ్ కట్టించడానికి చుట్టూ ఇంకో మూడు అంగుళాలైనా వదలండి, లేకపోతే ఫ్రేమ్ షాపువాడు చిలక తోక మడిచేసి బిగిస్తాడు. ముళ్ళు వెయ్యొద్దు, దారం కొస వెనకవైపు కుట్ల కిందకి దూర్చెయ్యాలి. ఎర్రదారం కొన్నప్పుడు తడిపిన తెల్ల గుడ్డతో నొక్కి చూడు, రంగు దిగితే షాపులో తిరిగిచ్చెయ్. పని అయ్యాక గుడ్డ బిగించిన రింగు తీసెయ్యండి, అలాగే ఉంచేస్తే అచ్చు పడిపోద్ది. అంతే, మిగతాదంతా చేస్తుంటే వచ్చేస్తుంది.

సూదుల గురించి మాత్రం విడిగా చెప్పాలి. బాబు పాకుతున్నాడు, కనబడిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. మొన లేని టేపెస్ట్రీ సూదులు దొరుకుతాయి, 14 కౌంట్‌కి 24 నంబరు, అవే కొను. కూర్చునేటప్పుడు ఎన్ని తీశారో లేచేటప్పుడు అన్నీ డబ్బాలోకి రావాలి, ఒక్కటి తగ్గినా ఎవ్వరూ కదలకూడదు, అది దొరికాకే టీ. మంచం మీద కూర్చుని అస్సలు కుట్టకు. మీ తాతయ్య కాల్లో సూది ముక్క విరిగి ఉండిపోయి చిన్న ఆపరేషన్ దాకా వెళ్ళింది తెలుసా, అది ఎవరి సూదో ఇంట్లో ఒక్కళ్ళూ ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోరు. నవ్వుతావు గానీ నాకు రాత్రిళ్ళు ఇలాంటివే గుర్తొస్తాయి.

ఇక కళ్ళు. మాకు పక్కనే నరసాపురం, 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ మిషనరీలు నేర్పిన లేసు అల్లికలు, ఈ చుట్టుపక్కల ఊళ్ళలో మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగుల మీద ఆడవాళ్ళు క్రోషా సూది పట్టుకుని కూర్చుంటే వెలుతురు పోయేదాకా లేచేవాళ్ళు కాదు. 2024లో ఈ లేసుకి ఈ ప్రాంతం సరుకని జీఐ ట్యాగ్ వచ్చిందని అందరం చంకలు గుద్దుకున్నాం, మంచిదే. కానీ మా మేనత్తకి యాభై దాటకుండానే సూది కన్ను కనబడ్డం మానేసింది, మమ్మల్ని పిలిచి ఎక్కించమనేది. ఇంటి దగ్గర ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునేదేగా అని చెప్పి లేసు కొనేవాళ్ళు వాళ్ళకి ఎంతో కొంత చేతిలో పెట్టేవాళ్ళు. మరియా మీస్ అని జర్మనీ ఆవిడ మన లేసు ఆడవాళ్ళ మీద 1982లో పుస్తకమే వేసింది, అందులోనూ ఈ సంగతే ఉంది. మా అత్తకి ఖాళీ ఎక్కడుందో నాకైతే ఎప్పుడూ కనబళ్ళేదు. అందుకే నువ్వు పగటి వెలుతుర్లోనే కుట్టు, కిటికీ నీ ఎడమ పక్కన ఉండేలా కూర్చో, ఇరవై నిమిషాలకోసారి తలెత్తి దూరంగా చూడు, ఒళ్ళో దిండు పెట్టుకుంటే మెడ వంచక్కర్లేదు. నల్ల గుడ్డ రాత్రిపూట ముట్టుకున్నావంటే ఊరుకోను.

సరే అసలు సంగతికొస్తా. మీ అమ్మ ఇది నీకు ఎప్పుడూ చెప్పి ఉండదు. నువ్వు పుట్టకముందు వాళ్ళు తణుకులో అద్దెకుండేవాళ్ళు. మీ అమ్మ ఎంబ్రాయిడరీలో లోయర్, హయ్యర్ రెండు పరీక్షలూ పాసయింది, గుడ్డ ముందుకీ వెనక్కీ తేడా తెలిసేది కాదు, అంత నీటు. మధ్యాహ్నాలు వీధిలో ఆడవాళ్ళు దాని వరండాలో చేరేవాళ్ళు, కుళాయి వచ్చే టైం దాకా కుట్లూ కబుర్లూ. ఎదురింటి కొత్త కోడలు కూడా వచ్చేది. ఆ పిల్ల ఇంట్లో పెదవి విప్పి ఎరగదు, ఇక్కడికొస్తే మాత్రం వసపిట్టే. చెయ్యే కుదురుగా ఉండేది కాదు. క్రాస్ స్టిచ్‌లో ఇంటూ గుర్తులో పైన వేసే గీత అన్నిట్లో ఒకే వైపు వాలాలి కదా, ఆ పిల్లవి ఒకటి ఇటు ఒకటి అటు, వెలుతుర్లో పెడితే ఒకే దారం రెండు షేడ్లలా కనబడేది. ఏం పోయింది చెప్పు, గులాబీ గులాబీలాగే ఉండేది.

అంతలో ఒక పెళ్ళివారు సారెలోకి టేబుల్ క్లాత్, ఎనిమిది నాప్కిన్లు అడిగారు, అన్ని మూలలా ఒకే గులాబీ. మీ అమ్మ ఒప్పేసుకుని తలా ఒకటి పంచింది, ఆ పిల్లకి రెండిచ్చింది. అవి పూర్తయి వచ్చాక చూసి, పిల్లకి మాట రాకూడదనుకుని, రాత్రి అందరూ పడుకున్నాక రెండూ విప్పేసి తనే మళ్ళీ కుట్టేసింది, ఎవరికీ చెప్పలేదు. నేను సెలవులకి వెళ్ళి అక్కడే ఉన్నా. మర్నాడు ఇస్త్రీకి మడతలు పెడుతూ ఆ పిల్ల తన నాప్కిన్ తిప్పి చూసింది. దాని గుడ్డ వెనకాల ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకి దారం ఏటవాలుగా పరుగెత్తుతూ ఉండేది, ఇప్పుడన్నీ నిట్టనిలువు గీతలు. బొటనవేలితో ఒకసారి రాసి చూసి, నాలుగు మడతలూ మళ్ళీ అలాగే పెట్టేసి, పాలవాడొచ్చే టైమైందండీ అని లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. మీ అమ్మ వాళ్ళింటికి వెళ్తే అత్తగారు గుమ్మంలోనే, దానికి పనుందమ్మా అని పంపేసేది. మిగతావాళ్ళు ఏమీ అనలేదు గానీ ఎవరి గుడ్డ వాళ్ళు సాయంత్రం సంచీలో పెట్టుకుని తీసుకెళ్ళిపోవడం మొదలుపెట్టారు, దసరాకల్లా వరండాలో ఎవ్వరూ లేరు. పెళ్ళివారు ఆ నాప్కిన్లతో చేతులు తుడుచుకుని ఉంటారు, పైగీత ఎటు వాలిందో వాళ్ళకేం పట్టింది.

మీ అమ్మని తిడుతున్నాననుకోకు. వంకర కనబడితే దానికి నిద్ర పట్టదు, మనసులో మాత్రం ఏమీ ఉండదు. నీకూ అదే చెయ్యి వచ్చింది, చిన్నప్పుడు నేను పెట్టిన ముగ్గు చుక్కలు చెరిపేసి మళ్ళీ పెట్టేదానివి, నా భయం అక్కడే. ఎవరి గుడ్డ వాళ్ళ చేతిలోనే ఉండాలి. అడిగితే చూపించు, అదీ నీ గుడ్డ మీద. లెక్క తప్పి చిలక్కి మెడ పొడుగైతే అవ్వనీ. వచ్చి కుట్టకుండా ఊరికే కూర్చునేవాళ్ళుంటారు, మొగుడు మూడుసార్లు ఫోన్ చేస్తే మధ్యలో లేచిపోయేవాళ్ళుంటారు, ఎందుకని అడక్కు, వచ్చేవారం రా అను చాలు. ఎవరిది బాగుందో ఫోటోలు పెట్టి పోటీలు పెట్టొద్దు. ఆర్డర్లు అంటూ ఎవరో ఒకరు వస్తారు, కావాలంటే వాళ్ళు విడిగా తీసుకుంటారు, డబ్బులు అవసరమున్నవాళ్ళుంటే సిగ్గేం లేదు, గట్టిగా రేటు అడగమను, కానీ శనివారం టేబుల్ మీదకి ఆ లెక్కలు రాకూడదు.

నీ సంగతి కూడా ఒక మాట. బాబు పడుకుంటే ముందు నువ్వు పడుకో, కుట్టు ఎక్కడికీ పోదు. ఇంకా నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా డాక్టర్‌కి చెప్పు తల్లీ, నేనెంత కుట్లు టీచర్నైనా దానికి కుట్లు మందని చెప్పను.

మ్యాటీ రెండు మీటర్లు, నా పాత డిజైన్ పుస్తకాలు, సూదులు వెతకడానికి పెద్ద అయస్కాంతం బస్ పార్సిల్లో వేశా, గురువారానికి వస్తుంది, మియాపూర్‌లో తీసుకోమని అల్లుడికి చెప్పు. మీ అమ్మ మొన్న నా దగ్గర దారాల షేడ్ కార్డు ఉందా అని అడిగింది, ఎందుకే అంటే ఊరికే అంది. ఒక శనివారం దాన్ని పిలువు, తణుకు సంగతి నేను చెప్పానని మాత్రం అనకు. చివర్న కూర్చోబెట్టి ఒక గుడ్డ చేతిలో పెట్టు, పక్కదాని గుడ్డ లాక్కుందంటే చేతిమీద ఒక్కటి వెయ్, అది మాత్రం పెద్దమ్మే వెయ్యమందని చెప్పు.

మీ పెద్దమ్మ
పాలకొల్లు