'అమ్మ' కింద కూడా ఎర్రగీత!

ప్రశ్న: మాది తిరుపతి, భవానీ నగర్. మా వీధి ఆడవాళ్లం కలిసి కథలు, వంటలు రాసుకునే చిన్న వెబ్‌సైట్ నడుపుతున్నాం. దానికి హన్‌స్పెల్ (స్పెల్లింగ్ సరిచూసే ఉచిత సాఫ్ట్‌వేర్) తెలుగు నిఘంటువుతో స్పెల్ చెకర్ పెట్టాను. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో బాగానే పనిచేసింది. 'సంగటి', 'మిద్దె' లాంటి మన మాటలు నోట్‌ప్యాడ్‌లో చేర్చి సర్వర్‌కి ఎక్కించాక, 'అమ్మ'తో సహా ప్రతి మాట కిందా ఎర్రగీతే. ఏం చేయాలి?

జవాబు: టెన్షన్ పడకండమ్మా. 'అమ్మ' కింద కూడా గీత పడుతోందంటే మీ తెలుగులో తప్పు లేదు, నిఘంటువే పాడయింది. చిత్తూరులో ఒక ప్రెస్సు సైటుకి ఇదే పని చేసిపెడుతూ నేనూ రెండు రాత్రులు నిద్ర లేకుండా కూర్చున్నాను.

బ్రౌజర్‌లో మీ డిక్ ఫైలు (.dic, నిఘంటువు మాటల జాబితా ఉండేది) అడ్రసు నేరుగా కొట్టండి. 404 (ఫైలు దొరకలేదు) అని వస్తే ఫైలు పేరులో తేడా ఉండొచ్చు. ఇంగ్లీషు పెద్దక్షరం, చిన్నక్షరం విండోస్‌కి ఒకటే, లినక్స్ సర్వర్‌కి వేరువేరు.

తెలుగు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు కనిపిస్తే (మీది ఇదేనని నా అనుమానం) ఫైలు 'ఆన్సీ' పద్ధతిలో సేవ్ అయింది. అందులో తెలుగుకు చోటే లేదు. 'అమ్మ' అంటే కంప్యూటర్‌కి అ, మ, పొల్లు, మళ్లీ మ. ఆ నాలుగూ పోయి '????' మిగులుతుంది. దాన్ని తిరిగి తెలుగు చేయలేం. పాత కాపీ తీసుకుని మాటలు మళ్లీ చేర్చండి, వరసకొక మాట. 'సేవ్ యాజ్'లో యూటీఎఫ్-8 ఎంచుకోండి, 'బామ్‌తో' (BOM, ఫైలు మొదట్లో చేరే కనబడని గుర్తు) అని ఉన్నది వద్దు. డిక్ ఫైలు మొదటి వరసలోని అంకె మాటల లెక్క, దాన్ని చెరపకండి.

ఇది కుదిరాక కూడా కొన్ని గీతలు మిగులుతాయి. 'అంగడి' ఒప్పుకున్నా 'అంగడికాడికి' ఒప్పుకోకపోవచ్చు. మన ప్రత్యయాలు మాటకే అతుక్కుంటాయి కదా. అఫ్ ఫైల్లో (.aff, ప్రత్యయాల నియమాలు ఉండేది) ఆ ప్రత్యయానికి నియమం రాసి, దాని గుర్తును డిక్‌లో మాట పక్కన పెడితే సరి, ప్రతి రూపాన్నీ విడిగా చేర్చక్కర్లేదు.

మన సీమ మాటలు చేర్చడం మాత్రం మానకండి. ఎర్రగీత చూసిన పిల్లలు 'సంగటి' తప్పనుకుని చెరిపేస్తారు, అది నాకు ప్రాణం మీదికొచ్చినట్టుంటుంది.

పాత కాపీ కూడా పోయుంటే లిబ్రేఆఫీస్ తెలుగు నిఘంటువులో ఈ రెండు ఫైళ్లూ దొరుకుతాయి.