ఆల్టర్ తల్లి గురించి రాయి

తమ్ముడూ,

వార్సా నేపథ్యంగా నువ్వు రాసిన కథ చదివాను. కథానాయకుడికి ఆల్టర్ అని పేరు పెట్టావు. యూదుల్లోనే ఇప్పుడు అరుదైపోయిన పేరు అది, ఎంచుకున్నందుకు సంతోషం. కానీ తూర్పు యూరప్ యూదుల భాష యిద్దిష్‌లో దానికి ‘ముసలివాడు’ అని అర్థం తెలియగానే ఆగిపోయావు. కుర్రాడికి నెరిసిన జుట్టూ, పెద్దమనిషి మాటలూ అంటగట్టావు. ఆ పేరులో ఉన్నది వాడి స్వభావం కాదు, వాడి తల్లి భయం. నీ కథ అక్కడ మొదలవ్వాలి.

తూర్పు యూరప్ యూదుల ఇళ్లలో ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోయినా, ఉన్న పసివాడికి జబ్బు ముదిరినా ఈ పేరు పెట్టేవారు. మృత్యుదూత పసివాడి కోసం ఇంటికొస్తే, అక్కడ అందరూ పిలుస్తున్నది ముసలివాడిని. తను వెతికే బిడ్డ వీడు కాదనుకుని వెళ్లిపోతాడని ఆశ. వీడు నిజంగా ముసలివాడయ్యేదాకా బతకాలన్న కోరిక కూడా అందులోనే ఉంది. ఆడపిల్లయితే ఆల్టె. మన ఉత్తరాంధ్రలో తవుడు, తవిటయ్య అన్న పేర్లు విన్నావు కదా, దక్కాలని బిడ్డను కాస్త తవుడుకు అమ్మి తిరిగి తెచ్చుకున్న ఇళ్ల పేర్లవి. ఆ తల్లులకు ఆల్టర్ తల్లి గురించి విడమరిచి చెప్పక్కర్లేదు.

దీని వెనక చాలా పాత నమ్మకం ఉంది. మనిషి మీద పడ్డ తీర్పును చింపేసేవి నాలుగని యూదుల ధర్మగ్రంథం తల్ముద్‌లో, రోష్ హషానా అనే భాగంలో, మతగురువు రబ్బీ యిట్జాక్ చెబుతాడు: దానం, మొర, పేరు మార్పు, నడవడి మార్పు. పేరు మార్పుకు అక్కడ చూపించే ఆధారం బైబిల్‌లోని అబ్రాహాము భార్య శారయి కథ. ఆమె శారా అయ్యాకే కొడుకు పుడతాడన్న మాట వచ్చింది. ప్రాణం మీదకొచ్చినవాళ్లకు జీవం అనే అర్థమొచ్చే హాయిమ్ లాంటి పేరు చేర్చడం ఇప్పటికీ ఉంది.

ఇంకో సంగతి నీ కథకు బాగా పనికొస్తుంది. యూదుల ప్రార్థనా మందిరం సినగాగ్‌లో, వాళ్ల పవిత్ర గ్రంథం తోరా చదవడానికి పిలిచేటప్పుడు మనిషిని తండ్రి పేరుతో, ఫలానావాడి కొడుకుగా పిలుస్తారు. జబ్బు తగ్గాలని ప్రార్థించేటప్పుడు మాత్రం మామూలుగా తల్లి పేరు చెబుతారు. ఆ జ్వరం సీన్‌లో నువ్వు తండ్రి పేరు వాడావు. తల్లి పేరు పెట్టి చూడు, సీన్ మొత్తం ఆవిడ వైపు తిరుగుతుంది.

తాత బతికుండగానే ఆయన పేరు మనవడికి పెట్టించావు. స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న సెఫార్దీ యూదులైతే పరవాలేదు. పోలండ్‌లోని అష్కెనాజీలు, అంటే మధ్య, తూర్పు యూరప్ యూదులు, బతికున్నవాళ్ల పేరు పెట్టరు, అది తీసెయ్.

ఆల్టర్ కట్సిజ్నె ఫొటోలు చూడు. 1885లో విల్నాలో (ఇప్పటి విల్నియస్) పుట్టాడు. యిద్దిష్ రచయిత, వార్సాలో ఫొటో స్టూడియో నడిపాడు. న్యూయార్క్‌లోని ఫోర్‌వెర్ట్స్ పత్రిక కోసం పోలండ్ యూదుల ఊళ్లు తిరిగి, నూలు వడికే ముసలమ్మలనీ బడి పిల్లలనీ ఫొటోలు తీశాడు. 1941లో తార్నోపోల్‌లో (ఇప్పటి ఉక్రెయిన్‌లోని తెర్నోపిల్) యూదుల మీద జరిగిన మారణకాండలో ఆయన్ని కొట్టి చంపారు. ఆయన దగ్గరున్న నెగెటివ్‌లు పోయాయి. న్యూయార్క్‌కు పంపిన ఫొటోలు మిగిలాయి. ఆ ముఖాలు చూశాకే నీ పాత్రల ముఖాలు రాయి. అయితే ఆయన పేరు వెనక ఏదో జబ్బు కథ ఊహించి అల్లకు. కల్పన నీ పాత్రల వరకే.

పేరు ఎందుకు అరుదైందో కూడా కథకు తెలియాలి. పసిపిల్లల చావులు తగ్గాయి, ఆ భయం తగ్గింది. అది సంతోషించాల్సిన కారణం. రెండోది, యిద్దిష్‌లో పిల్లల్ని పిలిచే ఊళ్లకు ఊళ్లే నాజీల చేతుల్లో నాశనమయ్యాయి. సంప్రదాయాన్ని గట్టిగా పాటించే హసీదీ యూదుల కుటుంబాల్లో ఆ పేరు ఇంకా అక్కడక్కడా వినిపిస్తుంది. నీ కథ 1930లో ఆగుతుంది కాబట్టి ఇదేమీ పాత్రల చేత చెప్పించకు. వాళ్లకు అప్పటికి తెలియదు.

మగబిడ్డకు పేరు పెట్టేది ఎనిమిదో రోజున, సున్తీ అప్పుడు. బిడ్డకు ఒంట్లో బాగాలేకపోతే అది వాయిదా పడుతుంది. నీ మొదటి పేజీ ఆ వాయిదా పడ్డ రోజుల్లో మొదలుపెట్టి, తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
అక్క